మూడులాంతర్ల కూడలి ఎవరిది? - విజయనగర నగరపాలక సంస్థవారికి బహిరంగ లేఖ

విజయనగర నగరపాలక సంస్థ పాలకవర్గమువారికిని, కమిషనరుగారికిని, ఇంజనీరింగు, పట్టణప్రణాళికా విభాగముల అధికారులకును నమస్కారపూర్వకముగా విన్నవించునది.

ఆర్యులారా!

2020వ సంవత్సరము మే నెలలో, దేశమంతయు కరోనా మహమ్మారికి వెరచి తలుపులు మూసికొనియున్న దినములలో, విజయనగరము నడిబొడ్డున తరతరములుగా నిలిచి, తాను నిలిచిన కూడలికి తన పేరే పెట్టిన మూడులాంతర్ల స్తంభము సుందరీకరణమను పేరిట నేలకూలినది. అది కూలిన దుఃఖము కాలక్రమమున కొంత ఉపశమించునేమో గాని, ఇట్టి దుఃఖమును వెల్లడించినవారికి అధికారుల నోట సర్వత్ర వినవచ్చు ప్రత్యుత్తరము మాత్రము నాకు నేటికిని మింగుడుపడకున్నది. పాతది తీసివేసిననేమి, దానికంటె సొగసైనదానిని, ఎత్తైనదానిని కట్టించెదము గదా యను ఆ ధోరణియే ఈ లేఖకు కారణము.

ఆ ధోరణి ఒక్క మూడులాంతర్లతో ఆగునది కాదు. లాంతర్లకు వర్తించిన న్యాయమే రేపు గంటస్తంభమునకు వర్తించును. ఆ మరునాడు ఏ కోవెల మండపమునకో, ఏ చెరువుగట్టునకో, ఏ పాఠశాలా భవనమునకో వర్తించును. కావుననే ఈ మాటను మీ కార్యాలయమున ఒక వినతిపత్రముగా సమర్పించి రసీదు పుచ్చుకొని ఊరకుండక, పదుగురి యెదుట వ్రాయుచున్నాను. ఊరందరి సొత్తును గూర్చిన విచారణ ఊరందరి యెదుట జరుగుటయే ధర్మము గదా?

ఆ స్తంభమును ఎవ్వరికొరకు నిలిపిరో మీరొక్కమారు తలచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. విద్యుద్దీపముల నెరుగని కాలమున, పొద్దుగ్రుంకిన పిమ్మట ఊరు చేరిన బాటసారికి త్రోవ తెలియుటకై, దారులు కలియు చోట ఒక స్తంభము నెత్తి, దానికి మూడు లాంతర్లు అమర్చి వెలిగించిరి. రాజబంధువుల పల్లకీలకు ముందు దివిటీలు పట్టువారుండిరి. సంపన్నుల బండ్లకు దీపములుండెను. వీధిదీప మెవ్వరికి? చేత దీపము లేనివానికి. గోగునార కట్టలతోను, ధాన్యపు బస్తాలతోను చుట్టుప్రక్కల పల్లెలనుండి సంతకు వచ్చి, చీకటిలో తిరుగు దారి పట్టవలసిన బండివానికి. వైద్యుని వెదకికొనుచు పొరుగూరినుండి పరుగెత్తి వచ్చిన తండ్రికి. ఊరు క్రొత్తయై ఎటు పోవలెనో తెలియక నిలుచున్న విద్యార్థికి. ప్రభుత్వము సామాన్యునికి చేయదగిన ఉపకారములలో మొదటిది వాని కాళ్లముందు చీకటిని తొలగించుటయే యని ఎరిగిన పెద్దలెవ్వరో ఆ దీపములను అచ్చట వెలిగించిరి. అందువలన ఆ స్తంభమునందు నాకు గోచరించునది శిల్పసౌందర్యముకంటె ముందు ఒక పరిపాలనా ధర్మము. మీ సంస్థకు నేడు సంక్రమించినదియు ఆ ధర్మమే. వీధిదీపములు వెలిగించుట మీ విధి యని రాజ్యాంగపు పన్నెండవ అనుబంధము చెప్పుచున్నది. ఈ పట్టణమున ఆ విధికి పురాతన సాక్ష్యముగా నిలిచినదానినే పడగొట్టునప్పుడు మీ విభాగములలో ఒక్కరికైనను చేయి వణకలేదా?

ఇక ఆ కూడలి మాట. అది పైడితల్లి అమ్మవారి చదురుగుడి ముంగిలి. బొబ్బిలి యుద్ధము 1757 జనవరిలో జరిగినది. ఆ యుద్ధమునకు పోవలదని అన్నగారైన పెదవిజయరామరాజును వారింపజూచిన రాజసోదరియే ఆ తల్లి యనియు, ఆమె ప్రతిమ పెద్దచెరువునుండి లభించినదనియు ఇక్కడి పసిపిల్లలకు సైతము తెలిసిన గాథ. యుద్ధము వలదన్న ఆడపడుచును ఊరు దేవతగా నిలుపుకొన్నది. ఆమె ముంగిట ఏటేట లక్షలాది జనము గుమిగూడుచున్నది. విజయదశమి వెళ్లిన తరువాత వచ్చు మొదటి మంగళవారమున సిరిమానోత్సవము. దానికి ముందునాటి రాత్రి తొలేళ్ల ఉత్సవమున రైతులు అమ్మవారి సన్నిధిని విత్తనములు పుచ్చుకొని, వానిని తమ పొలములలోని విత్తనములతో కలిపి చల్లుకొందురు. పూజారికి అమ్మవారు కలలో కనిపించి చెప్పిన చోట వెదకి తెచ్చిన చింతమాను సిరిమానుగా చెక్కబడి, దాదాపు 60 అడుగుల నిడివి గల ఆ మాను కొనయందు అమ్మవారి ప్రతిరూపముగా పూజారి ఆసీనుడు కాగా, ముందు పాలధారయు, బెస్తవారి వలయు, అంజలి రథమును, తెల్ల ఏనుగును నడువ, చదురుగుడినుండి కోటవరకు మూడుమారులు సాగి వచ్చును. కోట బురుజుపై ఈ ఊరి పూర్వపాలకులైన పూసపాటి వంశీయులు కూర్చుండి చూతురు. మిద్దెలమీద, అరుగులమీద, అంగళ్ల కప్పులమీద ఊరు కూర్చుండి చూచును. ఒడిస్సానుండి, ఛత్తీస్‌గఢ్‌నుండి వచ్చిన యాత్రికులు దుమ్ములో నిలుచుండి చేతులు జోడింతురు.

ఈ సమస్తము ఏ స్థలమున జరుగుచున్నదో ఆ స్థలమును మీ పటములలో ఒక జంక్షను అని వ్రాసికొంటిరి. వాహనముల గణన చేసితిరి, మలుపు వెడల్పు కొలిచితిరి. అది మీ ఉద్యోగధర్మమే, నేను కాదనను. కాని ఏడాదికొక్క దినమున అరటిపండ్లు విసరి మ్రొక్కు చెల్లించుకొను లక్షలాది జనమునకు అది జంక్షను కాదని, దేవాలయమునకు గోడలు లేని మండపమని మీకు తెలియనిదా? ఆ మండపమున కొక స్తంభముండెను. దానిని కదల్చుటకు ముందు ఆ గుడి అర్చకులను, సిరిమాను చెక్కు వడ్రంగులను, పాలధార పట్టు కులములవారిని, ఆ చుట్టుప్రక్కల పూలు కట్టి బ్రతుకు స్త్రీలను ఒక్కచోట కూర్చుండబెట్టి, ఏమి చేయదలచితిమో చెప్పి, వారేమందురో వినుటకు ఒక్క మధ్యాహ్నము చాలియుండెడిది.

మూడులాంతర్లను ఒంటరి కట్టడముగా తలచుటయే మొదటి పొరపాటు. ఈ పట్టణమునకొక వెన్నెముక కలదు. 1713లో వెలసిన కోట ఒక కొనను, 1885లో ఇసుకరాతితో ఎనిమిది కోణములుగా 68 అడుగుల ఎత్తున లేచిన గంటస్తంభము ఒక కొనను నిలువగా, నడుమ అంగళ్ల వీధులు, గుడులు, పాఠశాలలు, సంగీత కళాశాల, గురజాడ అప్పారావుగారి యిల్లు, అయ్యకోనేరు. కోటముందరనున్న బొంకులదిబ్బ ఈ వెన్నెముకయందలి ఎముకయే. 1909లో వెలువడిన కన్యాశుల్కపు ద్వితీయ ముద్రణమును చేతబట్టిన ఏ పాఠకుడైనను మొదట అడుగిడునది రాజమందిరమున కాదు, ఏ గృహస్థుని చావడిలోనూ కాదు, బొంకులదిబ్బపైననే. తెలుగువారి మహానాటకము ఒక బహిరంగ స్థలమున ఆరంభమగుట యాదృచ్ఛికమని నేననుకొనను. నలుగురు నడచుచోట, నలుగురు అప్పులు, అబద్ధములు, ఆశలు మోసికొని తిరుగుచోట, సమాజము తన ముఖమును తాను చూచుకొనునని గురజాడవారికి తెలియును. ఆ నాటకపు తొలిరూపమును 1892లో ప్రదర్శించిన జగన్నాథ విలాసినీ సభవారును ఈ వీధులవారే. 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు కాలి గజ్జెలు ఘల్లుమన నడచిన వీధులివి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు చంకనిడికొని నడచిన వీధులివి. చాగంటి సోమయాజులుగారి కథలలోని పేదవారు నడచిన వీధులును ఇవియే. పాలకులైన పూసపాటివారు తమ కోటనే 1958లో నెలకొల్పిన మాన్సాస్ సంస్థద్వారా విద్యకు ధారపోసిరి. ప్రభువులు తమ స్వంత సొత్తును ప్రజలపరము చేసిన ఊరిలో, ప్రజల సొత్తునకు ధర్మకర్తలైన మీరు దానిని స్వంతము వలె ఎట్లు వ్యవహరింపగలిగితిరి?

ఇప్పుడు, ఆర్యులారా, అసలు ప్రశ్నకు వత్తును. ఆ స్తంభమును తీసివేయుటకు ఎవ్వరి అనుమతి పుచ్చుకొంటిరి?

1888లో ఏర్పడిన విజయనగర పురపాలక సంఘము 2019లో నగరపాలక సంస్థ అయినది. అదే సంవత్సరము పూర్వపు పాలకవర్గపు గడువు తీరిపోయినది; 2020 మార్చిలో జరుగవలసిన ఎన్నికలు మహమ్మారి కారణమున నిలిచిపోయి 2021 మార్చిలో గాని జరుగలేదు. అనగా, మూడులాంతర్లు కూలిన నాటికి ఈ నగరమునకు ఎన్నికైన సభ్యుడొక్కడును లేడు. ఏ వార్డు ప్రతినిధి లేచి వలదనుటకు సభయే లేదు. మరి ప్రజలైనను వచ్చి వలదందురా యనిన, అవి గడప దాటరాదని ప్రభుత్వమే శాసించిన దినములు. సభలేని సమయమున, జనము వీధికి రారాని సమయమున, శతాబ్దమునకు పైబడిన వయస్సు గల జ్ఞాపకచిహ్నమును తొలగించుటకు అంత త్వరయేమి వచ్చినది? ఆ స్తంభము వాలిపోవుచు ప్రాణాపాయమేమైనను కలిగించుచుండెనా? అట్లయినచో ఆ పరీక్ష చేసిన ఇంజనీరు నివేదిక యెక్కడ? ఆరుమాసములు, సంవత్సరము ఓపిక పట్టినచో మునిగిపోవు కార్యమేది?

నేటి సభ్యులు కొందరు, అది మా కాలమున జరిగినది కాదు, అధికారుల పాలనలో జరిగినది యనవచ్చును. నిజమే. కాని సంస్థ యనునది వ్యక్తులతో పుట్టి వ్యక్తులతో గిట్టునది కాదు. పూర్వులు చేసిన అప్పులను మీరు తీర్చుచున్నారు. పూర్వులు త్రవ్విన కాలువలను మీరు వాడుకొనుచున్నారు. పూర్వులు చేసిన తప్పునకు మాత్రము మీరు వారసులు కారా? తమ కాలమున జరుగని దానికి తామే ముందుకు వచ్చి సమాధానము చెప్పిన పాలకవర్గమును ఊరు ఎన్నడును చిన్నచూపు చూడదు.

ఆ స్తంభము రక్షిత కట్టడముల పట్టికలో నున్నదా యని మరియొక ప్రశ్న వచ్చునని ఎరుగుదును. ప్రాచీన చారిత్రక కట్టడములను గూర్చి మన రాష్ట్రమున 1960లో ఒక చట్టము వచ్చినది. ప్రభుత్వము ప్రకటించిన కట్టడములకు ఆ చట్టము కావలి. ప్రకటింపబడనివానికి కావలి యెవ్వరు? ఏ కొండపైనో, ఏ అడవిలోనో నున్న శిథిలాలయమునకు పురావస్తు శాఖ యున్నది. ఊరి నడుమనున్న వీధిదీపపు స్తంభమునకు, నీళ్లగట్టునకు, రచ్చబండకు, సత్రపు చావడికి మీరు తప్ప వేరు దిక్కు లేదు. 1992లో చేసిన 74వ సవరణము ద్వారా రాజ్యాంగమున చేరిన పన్నెండవ అనుబంధపు పదునెనిమిది అంశములలో సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయములను పెంపొందించుట యను అంశమును కలదు. వీధిదీపములు మీ బాధ్యత, సంస్కృతి మీ బాధ్యత. ఈ రెండును ఒక్క స్తంభమునందు కలిసియున్నప్పుడు పట్టికలో పేరు లేదనుట సమాధానమగునా? మన సమష్టి సంస్కృతీ వారసత్వమును కాపాడవలసిన విధిని 1976లో రాజ్యాంగము ప్రతి పౌరునిపై నుంచినది. ఆ విధిని నెరవేర్చుటకు పౌరునకు మొదట కావలసినది వార్త. పొక్లెయిను వచ్చి నిలిచిన తరువాత తెలిసిన వార్త వార్త కాదు.

క్రొత్తది కట్టెదమను మాటకు వత్తును. నా మనస్సును మిక్కిలి బాధ పెట్టునది యిదియే. మీరు తలపెట్టు నిర్మాణములు అందముగా నుండవని నేననను. వానికి రంగురంగుల దీపములుండవచ్చును, జలయంత్రములుండవచ్చును. అవి ఈ తరము చేసిన పనిగా ఈ తరమునకు కీర్తి తేవచ్చును. కాని మూడులాంతర్ల స్తంభపు విలువ దాని ఎత్తులో లేదు, రంగులో లేదు. మా ముత్తాతలు చూచినదే మేమును చూచుచుంటిమన్న ఆ యొక్క సంగతిలో నున్నది. ఆ సంగతిని ఏ టెండరు పిలిచి కొనగలరు? మన తాతగారి చేతి వ్రాతను చింపివేసి, దానినే చక్కని అక్షరములలో అచ్చు వేయించి యిచ్చినచో మనము సంతోషింతుమా?

వెనిస్ నగరపు సెయింట్ మార్క్ కూడలి కథ మీరు వినవలెను. వేయేండ్లనాటి పునాదులు గల అచ్చటి గంటగోపురము 1902 జూలై 14వ తేదీన తనంతట తానే కూలిపోయెను. ఆ సాయంకాలమే ఆ నగరసభ సమావేశమై, దానిని తిరిగి నిర్మించుటకు నిధిని కేటాయించెను. ఆధునికముగా, క్రొత్త తీరున కట్టుదమన్నవారు లేకపోలేదు. కాని ఎక్కడ నుండెనో అక్కడనే, ఎట్లుండెనో అట్లే యను సూత్రమును ఆ నగరము శిరసావహించి, పది సంవత్సరములు ఓపికతో పని చేసి, 1912 ఏప్రిలు 25న దానిని మరల నిలిపినది. గోపురము క్రింద నుండి నలిగిపోయిన చిన్న మండపమును, చెత్తలోనుండి ఏరి తీసిన తునుకలను జతపరచి, మునుపటివలె కట్టిరి. అచ్చట కాలము కూల్చినదానిని మనుష్యులు ఏరుకొనిరి. ఇచ్చట నిలిచియున్నదానిని మనుష్యులే కూల్చిరి; ఆ తునుకలను ఏరుకొన్నవారున్నారా?

అంతదూర మేల? మన తెలుగునాటనే ఇంతకంటె ఘనమైన పాఠములున్నవి. నాగార్జునసాగర జలములలో మునిగిపోవలసియున్న నాగార్జునకొండ లోయయందలి కట్టడములలో ముఖ్యమైనవానిని పురావస్తు శాఖవారు త్రవ్వి తీసి, కొండశిఖరముపైనను, ఒడ్డుననున్న అనుపు నందును పునర్నిర్మించిరి. శ్రీశైలము ప్రాజెక్టు నీరు ముంచివేయునని తెలిసినప్పుడు, కృష్ణాతుంగభద్రల సంగమమువద్ద కూడవెల్లిలో నున్న చాళుక్యుల సంగమేశ్వరాలయమును రాయి రాయి విడదీసి అలంపురమునకు తరలించి మరల కట్టిరి. ఏ రాయి ఏ రాతిపై కూర్చుండెనో గుర్తు వేయక ఆ పని సాధ్యమగునా? మహానదులే ముంచుకొని వచ్చుచున్నప్పుడు మన ఇంజనీర్లు చూపిన ఆ శ్రద్ధను, ఏ వరదయు రాని, ఏ ఆనకట్టయు కట్టని విజయనగరపు నడివీధిలో, ఒక్క స్తంభము విషయమున చూపుటకు మీకు ఏమి అడ్డము వచ్చినది? దానిని కదలింపక తప్పదనియే అనుకొందము. కొలిచి, చిత్రించి, గుర్తులు వేసి, విడదీసి, భద్రపరచి, పదిగజములు ప్రక్కకు జరిపి నిలిపినను మేము అర్థము చేసికొనియుందుము.

వాహనముల రద్దీ మాటయు విందును. రద్దీ లేని ప్రాచీన కూడలి ఈ దేశమున ఎక్కడ నున్నది? 1591లో కట్టిన చార్మినారు చుట్టును హైదరాబాదు మహానగరము తిరుగుచునే యున్నది. రద్దీ పెరిగినప్పుడు అచ్చట దారి మళ్లినది వాహనములకే గాని చార్మినారునకు కాదు. ఆ నగరముననే 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు దుమ్ముతోను, బోర్డులతోను కప్పబడి శిథిలము కాజొచ్చినప్పుడు, దానిని శుభ్రపరచి, రాతిని మునుపటి రంగునకు తెచ్చి, ముంగిలిని జనమునకు విడిచిపెట్టి, 2020 ఆగస్టులో తిరిగి తెరచిరి. ఆ సంవత్సరమును గమనింపుడు. అదే మహమ్మారి కాలమున, కొన్ని మాసముల తేడాతో, ఒక తెలుగు నగరము తన పాత కూడలికి జీవము పోసికొన్నది. మరియొక తెలుగు నగరము తన పాత కూడలి గుర్తును పోగొట్టుకొన్నది. హైదరాబాదునకు ధనమెక్కువ యందురా? ఒక స్తంభమును పడగొట్టకుండుటకు ధనమేమి కావలెను?

 

ఈ లేఖను నేను కేవలము జరిగినదానిని తలచి వగచుటకు వ్రాయుట లేదు. గంటస్తంభమింకను మన కన్నులయెదుట నున్నది. దాని విషయమున మీకు ముందే విన్నవింపవలసినది కొంత కలదు. పందొమ్మిదవ శతాబ్దపు కట్టడములు సిమెంటు నెరుగవు. సున్నమును ఇసుకతో గానుగలో నలిపి, బెల్లపు నీటిని, కరక్కాయ కషాయమును కలిపి మన పనివారు సిద్ధపరచిన గచ్చుతో అవి కట్టబడినవి. ఆ గచ్చు గోడలోని చెమ్మను బయటికి విడుచును. మరమ్మతు చేయుచున్నామనుకొని దానిపై సిమెంటు పూతయు, ఆ పైని నిగనిగలాడు రంగును పూసినచో చెమ్మకు బయటపడు దారి మూసికొనిపోయి, రాయి పొరలు పొరలుగా రాలును. ఇసుకరాయి మరింత సుకుమారమైనది. కావున గంటస్తంభముపై నిచ్చెన వేయుటకు ముందే, పురాతన కట్టడముల మరమ్మతును శాస్త్రోక్తముగా నెరిగిన ఇంజనీరును పిలిపింపుడు; గచ్చు కలుపుట ఎరిగిన వృద్ధులైన తాపీ పనివారు ఈ జిల్లా పల్లెలలో ఇంకను ఎవ్వరైన మిగిలియున్నచో వారిని వెదకి, మీ పనివారికి నేర్పింపుడు. రాష్ట్ర పురావస్తు శాఖ సలహా కోరుట మీకు నామోషీ కాదు. సాంకేతిక విద్య నేర్చిన యువకులు మన కళాశాలలనుండి ఏటేట వందలకొలదిగా వచ్చుచున్నారు. ఈ నగరమందలి నూరేండ్లు దాటిన ప్రతి కట్టడమును, మండపమును, బావిని, చెరువు మెట్లను కొలిచి, చిత్రించి, ఛాయాచిత్రములు తీయు పనిని వారికి అప్పగించినచో, ఒక్క వేసవిలో నగరపు సంపూర్ణమైన పట్టిక సిద్ధము కాదా? ఆ పట్టికను మీ కార్యాలయపు బీరువాలో గాక గురజాడవారి పేరనున్న గ్రంథాలయమున అందరికి చూడ వీలుగా నుంచుడు.

ఆ పట్టికలో చేరిన దేనిని గాని తొలగింపదలచినను, మార్పదలచినను, జరుపదలచినను, మూడుమాసముల ముందుగా తెలుగులో బహిరంగ ప్రకటన చేసి, పౌరుల అభ్యంతరములను విని, ఎన్నికైన సభ్యుల సమావేశమున చర్చించి, ఆ చర్చను వ్రాతమూలకముగా భద్రపరచిన పిమ్మట గాని పలుగు ఎత్తరాదని మీకు మీరే ఒక నియమమును తీర్మానముగా చేసికొనుడు. ఎన్నికైన సభ లేని కాలమున ఆ పని అసలే చేయరాదని ఆ తీర్మానమునందే చేర్చుడు. ఇందు ప్రభుత్వపు అనుమతి కొరకు ఎదురుచూడవలసినది లేదు, ఖజానానుండి తీయవలసినదియు విశేషముగా లేదు. ఇదంతయు మీ చేతులలోని పనియే. చేయుటకు మీకు ఇష్టమున్నదా యన్నదే ప్రశ్న.

కూడలి విషయమున నా కోరిక స్పష్టము. ఇప్పుడచ్చట ఏమి నిలిచియున్నను, మీరిక ముందు ఏమి నిలుప దలచినను, మునుపటి స్తంభపు ఛాయాచిత్రములను, కొలతలను, దానిని చిన్ననాటినుండి చూచిన వృద్ధుల జ్ఞాపకములను సేకరించి, అది ఎట్లుండెనో అట్లే, ఎక్కడ నుండెనో అక్కడనే మరల కట్టించుడు. దాని పాదమున మూడు వాక్యములు చెక్కించుడు: ఇది మొదట ఎందుకొరకు వెలసినదో, ఎప్పుడు, ఏ కారణమున తొలగింపబడినదో, ఎప్పుడు తిరిగి నిలిచినదో. రెండవ వాక్యమును దాచవలదు. పునర్నిర్మాణమైనదానిని పునర్నిర్మాణమనియే చెప్పుట భావితరములకు మనము చేయవలసిన కనీసపు సత్యవ్రతము. దాని చుట్టును బ్యానర్లు, నిలువెత్తు చిత్రపటములు, జన్మదిన శుభాకాంక్షల తోరణములు కట్టరాదని, ఏ పక్షమువారైనను సరే, కఠినముగా శాసింపుడు. రాత్రులందు ఆ మూడు దీపములు ఆరకుండ వెలుగునట్లు చూడుడు. అంతకు మించిన సుందరీకరణము ఆ కూడలికి అవసరము లేదు.

వచ్చు సిరిమానోత్సవమునకు ముందే మీ సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, పట్టణ ప్రజలను ఆ సమావేశమునకు ఆహ్వానింపుడు. పడగొట్టిన స్తంభపు భాగములు, అనగా దాని రాయి, ఇనుము, లాంతర్ల చట్రములు, ప్రస్తుతము ఎక్కడ నున్నవి, ఎన్ని మిగిలినవి, ఎవ్వరి స్వాధీనమున నున్నవి, వాని జాబితా ఎవ్వరు సంతకము చేసిరి యన్నది ఆనాటి మొదటి ప్రశ్నగా కార్యక్రమ పత్రమున అచ్చు వేయించుడు.

ఇట్లు
విజయనగర వాసి